రాయగడ సిమెంటు 640 బస్తాల దగ్గర ఆగిపోయింది: సెటప్ మళ్లీ వేశాక రెప్లికేషన్ మాయం

#1 రాయగడ_ఇనుపకొట్టు

మాది రాయగడలో సిమెంటు, చువ్వలు, రేకుల కొట్టు. గుణుపురంలో రెండో కొట్టు ఉంది, అది మా బావ చూసుకుంటాడు. రెండు చోట్లా ఒకటే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్. మూడేళ్ల క్రితం విశాఖ నుంచి ఒకాయన వచ్చి రెండు కంప్యూటర్లనీ రెప్లికేషన్‌తో (ఒక చోటి మార్పులు రెండో చోటి డేటాబేస్‌లోకి వాటంతటవే వెళ్లే ఏర్పాటు) కలిపి వెళ్లాడు. ఇక్కడ బిల్లు కొడితే పావుగంటలో అక్కడి స్క్రీన్ మీద మా స్టాకు తగ్గేది. అక్కడ కొడితే ఇక్కడ తగ్గేది. ఆయన ఇప్పుడు దుబాయ్‌లో ఉన్నాడు, ఫోన్ ఎత్తడు.

పోయిన నెల 13 రాత్రి గాలివానకి కరెంటు పోయింది. యూపీఎస్ కూడా కాసేపటికి చేతులెత్తేసింది. 14 పొద్దున సాఫ్ట్‌వేర్ తెరిస్తే సర్వర్ దొరకలేదు అంది. డీలర్ దగ్గర పనిచేసే కుర్రాడు వచ్చి చూసి, "డేటాబేస్ పోయింది అంకుల్, సెటప్ మళ్లీ వేసేస్తా" అన్నాడు. గంటలో వేసి, 13 రాత్రి తొమ్మిదింటి బ్యాకప్ ఎక్కించి, టీ తాగి వెళ్లాడు. బిల్లులు బాగానే పడుతున్నాయి కదా అని నేనూ పట్టించుకోలేదు.

నిన్న బావ ఫోన్ చేసి ఒకటే కేకలు. ఆయన స్క్రీన్ మీద రాయగడ సిమెంటు 640 బస్తాలు చూపిస్తోందట. ఇరవై రోజులుగా అదే 640. వంద పంపమంటే నేనేమో లేవంటున్నాను. "సరుకు దాచుకుని నాతో ఆటలా" అన్నాడు. మా అక్క చేత కూడా ఫోన్ చేయించాడు. నా గోడౌన్‌లో నిజంగా ఉన్నవి డెబ్బై చిల్లర.

మేనేజ్‌మెంట్ స్టూడియో (మా ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్ లోపలికి చూసే ప్రోగ్రాం) తెరిచి చూశాను. రెప్లికేషన్ అనే ఫోల్డర్ ఉంది. దాని కింద లోకల్ సబ్‌స్క్రిప్షన్స్ ఒక్కటే ఉంది, అదీ ఖాళీ. లోకల్ పబ్లికేషన్స్ అనే లైనే లేదు. మునుపు ఉండేదని నాకు గట్టిగా గుర్తు. డీలర్‌ని అడిగితే "రెప్లికేషన్ మా సాఫ్ట్‌వేర్‌లో భాగం కాదండీ" అన్నాడు. 11వ తేదీలోపు జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను) వేయాలి, రెండు కొట్లకీ ఒకటే జీఎస్టీ నంబరు. దారి చెప్పండి.

#2 బరంపురం_అప్పడం

ముందు అక్కకి ఫోన్ చేసి గోడౌన్ ఫొటో పెట్టు. డేటాబేస్ తర్వాత చూసుకోవచ్చు.

#3 కొరాపుట్_కుర్రాడు

నెట్ లైను చూశారా? వానల్లో మా వైపు ఘాట్ రోడ్డు పొడవునా కేబుల్ తెగుతూనే ఉంటుంది. ఫైర్‌వాల్ కూడా చూడండి. సెటప్ మళ్లీ వేశాక టీసీపీ 1433 (సర్వర్‌తో బయటి కంప్యూటర్లు మాట్లాడే పోర్టు) మూసుకుపోయి ఉంటుంది.

#4 రాయగడ_ఇనుపకొట్టు

@కొరాపుట్_కుర్రాడు నెట్ బాగానే ఉంది. బావ రోజూ వాట్సాప్‌లో తిడుతూనే ఉన్నాడు.

#5 పర్లాకిమిడి_పద్మ

#3తో నేను ఏకీభవించను. లైను తెగితే రెప్లికేషన్ ఆగుతుంది, ఎర్ర గుర్తు పడుతుంది. అంతేగానీ పబ్లికేషన్స్ అనే లైను మాయం కాదు. ఇక్కడ మెనూలోంచే పోయిందంటున్నారు, ఆ తేడా చూడండి.

#6 ఎస్‌క్యూఎల్_తాత

పద్మ గారు చెప్పింది సరైన మాట. బాబూ ఇనుపకొట్టూ, రెండు ప్రశ్నలు. ఒకటి, మేనేజ్‌మెంట్ స్టూడియో తెరిచినప్పుడు సర్వర్ నేమ్ అని ఒక పెట్టె వస్తుంది కదా, అందులో ఏముంది? అక్షరం అక్షరం రాయి. రెండు, న్యూ క్వెరీ నొక్కి సెలెక్ట్ @@వర్షన్ అని కొట్టు. వచ్చిన జవాబులో చివర్న ఏ ఎడిషన్ అని ఉందో చెప్పు.

#7 రాయగడ_ఇనుపకొట్టు

పెట్టెలో చుక్క, దాని తర్వాత వెనక్కి వాలిన గీత, ఆపైన ఎస్‌క్యూఎల్ఎక్స్‌ప్రెస్ అని ఉంది. డీలర్ కుర్రాడు అలా వదిలి వెళ్లాడు. వర్షన్ 2019, ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ అని వచ్చింది. కానీ తాతగారూ, మేం మూడేళ్ల క్రితం స్టాండర్డ్ ఎడిషన్ డబ్బు కట్టి కొన్నాం. బిల్లు కూడా ఉంది.

#8 ఎస్‌క్యూఎల్_తాత

దొరికింది దొంగ. సగం దొరికింది.

ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ ఊరికే ఇస్తారు కాబట్టి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాళ్లు చాలామంది దాన్నే తమ సెటప్‌లో కలిపేస్తారు. నెక్స్ట్, నెక్స్ట్ కొట్టుకుంటూ పోతే అదే పడుతుంది. అందులో తప్పేం లేదు, చిన్న కొట్టుకి చాలు. కానీ రెప్లికేషన్‌లో ఎక్స్‌ప్రెస్ పుచ్చుకోవడానికే గానీ పంచడానికి పనికిరాదు. సబ్‌స్క్రైబర్ కాగలదు, పబ్లిషర్ కాలేదు, డిస్ట్రిబ్యూటర్ కాలేదు. నీకు పబ్లికేషన్స్ లైను కనపడకపోవడం అందుకే. పైగా టైము ప్రకారం పనులు నడిపే ఏజెంట్ కూడా అందులో పనిచేయదు.

అంటే మీ రెప్లికేషన్ పోలేదేమోనని నా అనుమానం. నువ్వు వేరే ఇంటి తలుపు తీసి మా సామాన్లేవీ అని వెతుకుతున్నావు. విండోస్‌లో సర్వీసెస్ (వెనకాల నడిచే ప్రోగ్రాముల జాబితా) తెరువు. ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే పేరుతో ఎన్ని వరసలు ఉన్నాయో, బ్రాకెట్లో ఏముందో, పక్కన రన్నింగ్ అని ఉందో లేదో చూసి చెప్పు.

#9 సిరోంచ_ప్రాణహిత

ఎక్స్‌ప్రెస్ మాట వచ్చింది కాబట్టి నా గోడు కూడా వినండి. మాది సిరోంచలో విత్తనాలు, ఎరువుల కొట్టు. ఏడేళ్ల డేటా ఒకటే కంపెనీ ఫైల్లో పెట్టి నడిపాం. ఒక రోజు సీజన్ మధ్యలో బిల్లు సేవ్ అవడం ఆగిపోయింది. లైసెన్సు పరిమితి 10240 ఎంబీ దాటుతుంది అని వచ్చింది. 2019 ఎక్స్‌ప్రెస్‌లో ఒక్కో డేటాబేస్‌కి 10 జీబీయే గరిష్ఠం అని అప్పుడు తెలిసింది. కొట్టు బయట ట్రాక్టర్ల మీద రైతులు, లోపల నేను పాత సంవత్సరాలు వేరుచేస్తూ కూర్చున్నాను. కాగితం మీద బిల్లు రాసిచ్చాను.

#10 బరంపురం_అప్పడం

@సిరోంచ_ప్రాణహిత 10 జీబీ ఎరువుల బిల్లులా? ప్రతి బస్తాకీ ఫొటో తీశారా?

#11 సిరోంచ_ప్రాణహిత

నవ్వకండి. నిజంగానే ప్రతి ఇన్‌వాయిస్ స్కాను దాంట్లోనే పెట్టాడు మా తమ్ముడు.

#12 కొరాపుట్_కుర్రాడు

తాతగారి మాటకి ఇంకో కోణం. స్టాండర్డ్ ఎడిషన్ ఉన్నా రెప్లికేషన్ రాకపోవచ్చు. పోయిన ఏడాది ఇక్కడ ఒక హోల్‌సేల్ మందుల కొట్టులో అదే చూశాను. పబ్లికేషన్ పెట్టబోతే 21028 అనే ఎర్రర్ వచ్చింది, రెప్లికేషన్ భాగాలు ఈ సర్వర్‌లో ఇన్‌స్టాల్ కాలేదు అని. సెటప్ వేసినప్పుడు డేటాబేస్ ఇంజిన్ కింద రెప్లికేషన్ అని చిన్న చెక్‌బాక్స్ ఉంటుంది. ఎవరో దానికి టిక్కు పెట్టలేదు. అదే మీడియాతో సెటప్ మళ్లీ నడిపి, ఉన్న ఇన్‌స్టెన్స్‌కే (అంటే కంప్యూటర్లో ఇప్పటికే వేసి ఉన్న ఎస్‌క్యూఎల్ సర్వర్‌కే) ఫీచర్ చేర్చి టిక్కు పెడితే పది నిమిషాల్లో అయిపోయింది. కొత్తగా ఇంకో ఇన్‌స్టెన్స్ వేయకూడదు, ఉన్నదానికే చేర్చాలి.

#13 బరంపురం_అప్పడం

నాదీ ఒకటి. కొత్త కంప్యూటర్‌కి విండోస్ వాడు పెట్టిన పేరు నోరు తిరగక మా వాడు పేరు మార్చాడు. మార్చింది ఎస్‌క్యూఎల్ సర్వర్ వేసిన తర్వాత. రెప్లికేషన్ పెట్టబోతే సర్వర్ అసలు పేరు కావాలి, ఐపీ అడ్రసుతోనో మారుపేరుతోనో కుదరదు అని మొండికేసింది. @@సర్వర్‌నేమ్ అడిగితే ఇంకా పాత పేరే చెబుతోంది. ఎస్‌పీ డ్రాప్‌సర్వర్‌తో పాత పేరు తీసి, ఎస్‌పీ యాడ్‌సర్వర్‌తో కొత్త పేరు లోకల్ అని చేర్చి, సర్వీసు రీస్టార్ట్ చేస్తే అప్పుడు ఒప్పుకుంది. మా ఇంట్లో కూడా రేషన్ కార్డులో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు. దానికి ఇంతవరకు కమాండు దొరకలేదు.

#14 రాయగడ_ఇనుపకొట్టు

సర్వీసెస్ చూశాను. రెండు ఉన్నాయి!

ఎస్‌క్యూఎల్ సర్వర్, బ్రాకెట్లో ఎంఎస్‌ఎస్‌క్యూఎల్‌సర్వర్: రన్నింగ్.
ఎస్‌క్యూఎల్ సర్వర్, బ్రాకెట్లో ఎస్‌క్యూఎల్ఎక్స్‌ప్రెస్: రన్నింగ్.

ఏజెంట్లు కూడా రెండు కనిపిస్తున్నాయి. మొదటిది నడుస్తోంది, రెండోది డిసేబుల్డ్. ఒకే కంప్యూటర్లో రెండు సర్వర్లా? నాకు ఒక్క కొట్టు చూసుకోవడానికే తీరిక లేదు.

#15 ఎస్‌క్యూఎల్_తాత

ఇప్పుడు మేనేజ్‌మెంట్ స్టూడియోలో ఆ పెట్టెలో ఉన్నదంతా చెరిపి ఒక్క చుక్క పెట్టి కనెక్ట్ అవు. గీతా వద్దు, ఎక్స్‌ప్రెస్సూ వద్దు. రెప్లికేషన్ ఫోల్డర్ తెరువు. ఏదీ మార్చకు, చూసి చెప్పు.

#16 రాయగడ_ఇనుపకొట్టు

ఉంది తాతగారూ!! లోకల్ పబ్లికేషన్స్ ఉంది, దాని కింద మా కంపెనీ పేరు ఉంది, దాని కింద గుణుపురం ఉంది. రెప్లికేషన్ మానిటర్ తెరిస్తే అన్నీ పచ్చగా ఉన్నాయి. పావుగంటకోసారి నడుస్తోంది. కొన్నిసార్లు కలపడానికి డేటా ఏమీ లేదు అంటోంది, కొన్నిసార్లు 9 మార్పులు, 14 మార్పులు అంటోంది. అంతా పచ్చగా ఉంటే బావ స్క్రీన్ మీద 640 ఎందుకు?

#17 పర్లాకిమిడి_పద్మ

అబ్బ! ఇప్పుడు అర్థమైంది. ఇరవై రోజులుగా రెప్లికేషన్ తన పని తాను చేస్తూనే ఉంది. మీరే వేరే డేటాబేస్‌లో బిల్లులు కొడుతున్నారు. గుణుపురం బిల్లులు వచ్చి మీ పాత డేటాబేస్‌లో కూర్చుంటున్నాయి. మీ బిల్లులు ఎక్స్‌ప్రెస్‌లో పడుతున్నాయి. 13 రాత్రి పాత డేటాబేస్‌లో రాయగడ సిమెంటు 640 ఉంది. దాన్ని ఆ తర్వాత ఎవరూ ముట్టుకోలేదు. బావగారికి కనిపిస్తున్నది ఆ 640.

మీ స్క్రీన్ మీద గుణుపురం స్టాకు కూడా 13వ తేదీ దగ్గరే ఆగి ఉండాలి. చూశారా?

#18 రాయగడ_ఇనుపకొట్టు

చూశాను. ఆగే ఉంది. 8 ఎంఎం చువ్వలు గుణుపురంలో 41 కట్టలు అని చూపిస్తోంది. బావని అడిగితే ఆరే ఉన్నాయన్నాడు. నేను కూడా ఆయన్ని మనసులో అనుమానించాను, ఒప్పుకుంటున్నా.

#19 గుణుపురం_బావ

ఈ లింకు నాకు పంపి "చదువుకో" అన్నాడు. చదివాను. అకౌంటు తెరిచింది ఒక్క మాట చెప్పడానికే. నేను దాచుకున్నావని అనలేదు, దాచుకున్నావా అని అడిగాను.

#20 బరంపురం_అప్పడం

బావమరదుల మధ్య రెప్లికేషన్ మొదలైంది. కాన్‌ఫ్లిక్ట్ రిజాల్వర్ అక్కే.

#21 ఎస్‌క్యూఎల్_తాత

జరిగింది ఇదీ. 13 రాత్రి కరెంటు ఒక్కసారిగా పోయింది. పొద్దున కంప్యూటర్ లేచింది గానీ అసలు సర్వర్ సర్వీసు లేవలేదు. కుర్రాడు సర్వీసెస్ తెరిచి దాని మీద స్టార్ట్ నొక్కి ఉంటే పది సెకన్లలో అయిపోయేది. అతను సెటప్ వేశాడు. సెటప్ తన అలవాటు ప్రకారం పక్కనే ఎక్స్‌ప్రెస్ వేసింది. బ్యాకప్ అందులో ఎక్కింది, సాఫ్ట్‌వేర్ దానికి అతుక్కుంది. తర్వాత ఎప్పుడో కంప్యూటర్ ఆపి మళ్లీ వేసినప్పుడు అసలు సర్వీసు మామూలుగా లేచి, ఏమీ ఎరగనట్టు గుణుపురంతో మాట్లాడటం మొదలుపెట్టింది.

ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టం లాగ్ తెరిచి 14 పొద్దుటి వరసలు చూడు. 7009 అనే నంబరు కనిపిస్తుందేమో.

#22 రాయగడ_ఇనుపకొట్టు

ఉంది. 14వ తేదీ 9:12కి, 7009. 30000 మిల్లీసెకన్లు ఆగినా సర్వీసు కనెక్ట్ కాలేదు అని. కిందనే 7000. కరెంటు మళ్లీ పోవడంతో 16న కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాం. మానిటర్‌లో రెప్లికేషన్ మళ్లీ మొదలైంది కూడా 16నే.

#23 కొరాపుట్_కుర్రాడు

అయితే సులువే కదా. ఎక్స్‌ప్రెస్‌లోంచి బ్యాకప్ తీసి పాత దాని మీద రిస్టోర్ చేసేయండి. రెండూ 2019 కాబట్టి వర్షన్ గొడవ కూడా లేదు.

#24 పర్లాకిమిడి_పద్మ

@కొరాపుట్_కుర్రాడు అయ్యో వద్దు! అలా చేస్తే పాత డేటాబేస్‌కి వచ్చిన ఇరవై రోజుల గుణుపురం బిల్లులు అక్కడ తుడిచిపెట్టుకుపోతాయి. పబ్లికేషన్ కూడా తీసి మళ్లీ కట్టుకోవాలి. ఇది ఎవరి కాపీ కొత్తది అనే లెక్క కాదు. రెండూ సగం సగం కొత్తవే.

#25 కొరాపుట్_కుర్రాడు

అవును. తప్పు నాదే, తొందరపడ్డాను. అయితే తేదీ 14 తర్వాతి రాయగడ వరసల్ని టేబుళ్ల నుంచి టేబుళ్లకి ఎక్స్‌పోర్ట్ చేస్తే?

#26 ఎస్‌క్యూఎల్_తాత

అక్కడే చాలామంది కాలు జారేది. ఇది మెర్జ్ రెప్లికేషన్, రెండు వైపులా బిల్లు కొట్టేది. ట్రాన్సాక్షనల్ అయితే మామూలుగా ఒకవైపే ప్రవాహం. మెర్జ్‌కి ప్రతి టేబుల్లో రోగైడ్ అనే నిలువు వరుస ఒకటి చేరుతుంది, మార్పుల్ని ట్రిగ్గర్ల (టేబుల్లో మార్పు పడగానే దానంతటదే నడిచే కోడ్) ద్వారా పసిగడుతుంది. పెద్ద మొత్తంలో డేటా దింపే బల్క్ పద్ధతుల్లో ట్రిగ్గర్లు ఊరికే పనిచేయవు, ప్రత్యేకంగా చెప్పాలి. చెప్పకుండా దింపితే వరసలు రాయగడలో కనిపిస్తాయి, గుణుపురానికి మాత్రం ఎప్పటికీ వెళ్లవు. మళ్లీ ఎవరో 640 అంటారు, మళ్లీ అక్క ఫోన్ చేస్తుంది. అలా ఇరుక్కున్నవాళ్లకి ఎస్‌పీ యాడ్‌టేబుల్‌టుకంటెంట్స్ అని ఒక మందు ఉంది గానీ, రోగం తెచ్చుకోవడం ఎందుకు?

ఇంకొకటి. మెర్జ్‌లో వరుస నంబర్లకి ఎవరి వాటా వారికి ఉంటుంది. రాయగడకి ఒక పరిధి, గుణుపురానికి ఒక పరిధి. చేత్తో నంబర్లు తోస్తే 548 అని ఎర్రర్ కొడుతుంది.

కాబట్టి నా సలహా: ఎస్‌క్యూఎల్ జోలికే పోవద్దు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే ఓచర్లు ఎక్స్‌పోర్ట్, ఇంపోర్ట్ ఉంటాయి. దాంతో తీసి, దాంతోనే వేయి. సాఫ్ట్‌వేర్ తన దారిన తాను ఇన్సర్ట్ చేస్తుంది, ట్రిగ్గర్లు వాటి పని అవి చేసుకుంటాయి. ముందు పార్టీలు, ఐటమ్‌లు. తర్వాత బిల్లులు. ఈ ఇరవై రోజుల్లో కొత్తగా చేర్చిన పార్టీలు ఎన్ని?

#27 రాయగడ_ఇనుపకొట్టు

ఏడుగురు. ఐటమ్‌లు మూడు. బిల్లులు 486.

#28 పార్వతీపురం_ఆడిటర్

రెప్లికేషన్ నాకు తెలియదు. బిల్లు నంబర్ల గురించి చెబుతాను. ఇంపోర్ట్ చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ కొత్త నంబర్లు వేస్తానంటుంది, ఒప్పుకోవద్దు. కస్టమర్ చేతిలో ఉన్న కాగితం మీది నంబరే ఉండాలి. జీఎస్టీ నిబంధన 46 ప్రకారం బిల్లు నంబరు వరుసగా ఉండాలి, 16 అక్షరాలు దాటకూడదు, ఆ ఆర్థిక సంవత్సరంలో రెండోసారి రాకూడదు. ఒకటికి మించి సిరీస్‌లు పెట్టుకోవచ్చు. రెండు కొట్లకీ వేరు వేరు సిరీస్ ఉందా లేదా? లేకపోతే ఈ ఇరవై రోజుల్లో ఒకే నంబరు రెండు చోట్ల పడి ఉంటుంది. పెద్ద సరుకుకి ఈ-వే బిల్లులు కూడా తీసి ఉంటారు, పోర్టల్లో ఆ నంబర్లే ఉన్నాయి.

#29 గుణుపురం_బావ

సిరీస్ వేరే. వాళ్లది ఆర్, మాది జీ. అది పెట్టించింది నేను. అప్పుడు "ఎందుకు బావా అనవసరంగా" అన్నాడు.

#30 రాయగడ_ఇనుపకొట్టు

అన్నాను. సరే.

#31 జయపురం_జీడిపప్పు

నాకో సందేహం. రెండు కొట్లకి ఇంత తతంగం ఎందుకు? రాయగడలో ఒక్క సర్వర్ పెట్టి గుణుపురం నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌తో దాంట్లోనే బిల్లు కొట్టుకోవచ్చు కదా. ఒకటే డేటాబేస్, ఏదీ కలపక్కర్లేదు. మాకు మూడు కొట్లు అలాగే నడుస్తున్నాయి.

#32 గుణుపురం_బావ

లైను తెగిన రోజు బిల్లు ఎవరిస్తారు? మొన్న వర్షాలకి వరసగా రెండు రోజులు నెట్ లేదు. రెప్లికేషన్ కాబట్టి కొట్టు నడిచింది, లైను వచ్చాక అన్నీ వాటంతటవే వెళ్లాయి. మేస్త్రీలు ఆగరండీ. పక్క కొట్టుకి పోతారు.

#33 జయపురం_జీడిపప్పు

మేం రెండు కంపెనీల లైన్లు పెట్టుకున్నాం. ఒకటి పోతే ఒకటి. ఆ ఖర్చు ఈ టెన్షన్ కన్నా తక్కువే.

#34 ఎస్‌క్యూఎల్_తాత

ఇద్దరూ సరే. లైను గట్టిగా ఉన్న ఊళ్లో జీడిపప్పు గారి పద్ధతే నేనూ చెబుతాను. గుణుపురానికి బావగారి మాట నిజం. ఒక్కటి గుర్తుంచుకోండి, మెర్జ్‌లో మామూలుగా 14 రోజుల గడువు ఉంటుంది. అన్ని రోజులు గుణుపురం కలవకపోతే సబ్‌స్క్రిప్షన్ గడువు తీరిపోయి మళ్లీ మొదటి నుంచి నింపాలి. మీ అదృష్టం, 16 నుంచి కలుస్తూనే ఉన్నారు.

#35 సిరోంచ_ప్రాణహిత

రెప్లికేషన్ ఉంటే బ్యాకప్ అక్కర్లేదు కదా? రెండు చోట్లా డేటా ఉంటుంది.

#36 పర్లాకిమిడి_పద్మ

ఆ మాట మాత్రం అనకండి. నేను లెక్కలు రాసిన ఒక కొట్టులో కుర్రాడు అనుకోకుండా ఒక పెద్ద పార్టీ ఖాతా తీసేశాడు. పది నిమిషాల్లో రెండో కొట్టులోనూ అది లేదు. తప్పును కూడా అంతే నిజాయితీగా మోసుకెళుతుంది రెప్లికేషన్. ఆ రోజు కాపాడింది ముందురోజు రాత్రి పెన్ డ్రైవ్‌లో తీసుకున్న బ్యాకప్.

#37 సిరోంచ_ప్రాణహిత

సరే, ఇంకోటి. మా దగ్గర తెలుగులో రాసిన పార్టీ పేర్లు కొన్ని రిపోర్టుల్లో ???? అని వస్తాయి. ఇది కూడా రెప్లికేషనేనా?

#38 పర్లాకిమిడి_పద్మ

కాదు. నేను ఒడియాలో రాస్తే మాకూ అంతే. టేబుల్లో పేరు దాచే నిలువు వరుస వార్‌చార్ రకంగా ఉంటే మామూలుగా తెలుగూ ఒడియా పట్టవు, ఎన్‌వార్‌చార్ రకం కావాలి. ఒకసారి ప్రశ్నార్థకాలుగా సేవ్ అయితే అసలు పేరు తిరిగి రాదు, మళ్లీ టైపు చేసుకోవాల్సిందే. దీనికి వేరే చర్చ మొదలుపెట్టండి, ఇక్కడ కలిపేయకండి.

#39 రాయగడ_ఇనుపకొట్టు

ఆదివారం రాత్రి పెట్టుకున్నాం. బావ కూడా రాయగడ వస్తున్నాడు. తాతగారూ, వరుస ఒకసారి చెప్పండి, కాగితం మీద రాసుకుంటాను.

#40 ఎస్‌క్యూఎల్_తాత

రెండు కొట్లలోనూ బిల్లింగ్ ఆపేయండి. గుణుపురం ఒకసారి చివరిగా కలవనివ్వండి. రెండు డేటాబేస్‌లకీ బ్యాకప్ తీసి, ఆ రెండు ఫైళ్లనీ ఈ కంప్యూటర్ బయట ఎక్కడైనా పెట్టండి. ఇది కాకుండా మిగతాది మొదలుపెట్టొద్దు. సాఫ్ట్‌వేర్ ఎక్స్‌ప్రెస్‌కి కనెక్ట్ అయి ఉండగానే 14 నుంచి నేటిదాకా ఉన్న ఏడు పార్టీలు, మూడు ఐటమ్‌లు, అన్ని రాయగడ బిల్లులు ఎక్స్‌పోర్ట్ చేయండి. కొనుగోళ్లు, రసీదులు, చెల్లింపులు మర్చిపోవద్దు. బిల్లులంటే అమ్మకాలే అనుకుని అవి వదిలేస్తారు.

తర్వాత సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో సర్వర్ పేరు మార్చి పాతదానికి తిప్పండి. తెరవగానే సిమెంటు 640 కనిపించాలి. కనిపిస్తే సరైన ఇంట్లో ఉన్నట్టు. ముందు ఒక్క బిల్లు ఇంపోర్ట్ చేసి పావుగంట ఆగండి, గుణుపురం స్క్రీన్ మీద పడిందో లేదో ఫోన్‌లో అడగండి. పడితేనే మిగతావి.

అంతా అయ్యాక ఎక్స్‌ప్రెస్ సర్వీసుని ఆపి డిసేబుల్ చేయండి. అన్‌ఇన్‌స్టాల్ మాత్రం ఇప్పుడే వద్దు, రిటర్నులు వేసి ఒక నెల పోనివ్వండి. అసలు సర్వీసుకి స్టార్టప్ టైపు ఆటోమేటిక్ డిలేయ్డ్ స్టార్ట్ పెట్టండి, రికవరీ ట్యాబ్‌లో రీస్టార్ట్ ద సర్వీస్ ఎంచుకోండి. యూపీఎస్‌కి బ్యాటరీ మార్చండి, ఆ పని ఎవరూ చేయరు.

#41 బరంపురం_అప్పడం

ఆదివారం రాత్రి ఏం వండుతున్నారు?

#42 గుణుపురం_బావ

మా అత్తగారి చేతి చేపల పులుసు. సర్వర్ కోసం ఎవడొస్తాడు?

#43 రాయగడ_ఇనుపకొట్టు

అయింది. రాత్రి ఒంటిగంట దాటింది.

మొదటి బిల్లు 11:05కి వేశాం. గుణుపురం కొట్టులో కుర్రాడిని కూర్చోబెట్టాం. 11:15 అయింది, రాలేదు. బావ నా వైపు చూస్తున్నాడు. 11:20కి ఫోన్ మోగింది, "వచ్చింది, ఆర్ సిరీస్‌లో ఒకటి పడింది" అన్నాడు. ఆ తర్వాత మిగతావి వేశాం. రెండు బిల్లులు ఎక్కలేదు. ఒక పార్టీ పేరులో చివర ఖాళీ ఉండటం వల్ల సాఫ్ట్‌వేర్ వేరే పార్టీ అనుకుంది. సరిచేసి వేశాం. కొనుగోళ్లు నిజంగానే మర్చిపోబోయాం, కాగితం చూసి గుర్తొచ్చింది. సిమెంటు కంపెనీ నుంచి వచ్చిన 300 బస్తాల బిల్లు అందులోనే ఉంది.

డీలర్ కుర్రాడికి ఫోన్ చేసి చెప్పాను. పాపం, అతనికి నిజంగా తెలియదు. ఇకమీదట ముందు సర్వీసెస్ చూస్తానన్నాడు.

#44 పార్వతీపురం_ఆడిటర్

రెండు సిరీస్‌లలోనూ మధ్యలో నంబరు ఏదైనా తప్పిపోయిందేమో రిపోర్టు తీసి చూసుకోండి. తర్వాతే జీఎస్టీఆర్-1.

#45 కొరాపుట్_కుర్రాడు

@ఎస్‌క్యూఎల్_తాత నేను ఈ చర్చ మొత్తం సేవ్ చేసుకున్నాను. #23 ఒక్కటి చెరిపేయమని అడ్మిన్‌ని అడగనా?

#46 ఎస్‌క్యూఎల్_తాత

ఉండనీ. రేపు ఇంకొకడికి అదే ఆలోచన వస్తుంది, #24 చదువుకుంటాడు.

#47 గుణుపురం_బావ

పొద్దున ఇంటికొచ్చి కొట్టు తెరిచాను. రాయగడ సిమెంటు 78 అని చూపిస్తోంది. నిజమేనా?

#48 రాయగడ_ఇనుపకొట్టు

ఇప్పుడే గోడౌన్‌కి వెళ్లి లెక్కపెట్టాను. 75. మిగతా మూడూ ఆ గాలివాన రాత్రి తడిసి గట్టిపడ్డాయి. వాటిని ఏ సాఫ్ట్‌వేర్‌లో రాయాలో నువ్వే చెప్పు బావా.